మార్లవాయిని సొంత ఊరు చేసుకున్న హైమన్‌డార్ఫ్

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతంతో అనుబంధం ఉన్న ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంఘం పెద్దలు కోరినప్పుడు నాకు వెంటనే స్ఫురించిన పేరు హైమన్‌డార్ఫ్. కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకొని జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం గుండా ఉత్తరానికి సాగిపోతే ఉట్నూరు అడవులు వస్తాయి. ఆ అడవుల్లోని గోండు గూడెం మార్లవాయి. ఎక్కడి ఆస్ట్రియా దేశమో, ఎక్కడి మార్లవాయో! ఈ రెండింటికీ ముడివేసిన ఘనత ఆయనది.

పరదేశం నుంచి వచ్చి పల్లెలో కాపురం పెట్టిన తెల్లదొర అనగానే మనకు మిషనరీలు గుర్తుకు వస్తారు. మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ గారి వంటి వారిని మన పెద్దలు ఎరుగుదురు. హైమన్‌డార్ఫ్ మాత్రం మత ప్రచారానికి రాలేదు. ఆయన మానవశాస్త్ర పండితుడు. గోండులకు నేర్పడానికి కాక, వారి దగ్గర నేర్చుకోవడానికి వచ్చాడు. నేర్చుకున్న దాన్ని తిరిగి వారికే ఉపయోగపడేలా చేశాడు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో ఒక ఉన్నత కుటుంబంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే డాక్టరేటు పొందాడు. 1936లో మన దేశానికి వచ్చి నాగా కొండల్లో కొన్యాక్ తెగవారి మధ్య గడిపాడు. 1938లో ఇంగ్లండుకు చెందిన బెట్టి ఎలిజబెత్‌ను వివాహం చేసుకున్నాడు. మరుసటి సంవత్సరం మళ్లీ ఇక్కడికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకొని ఉండడంతో ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిషు ప్రభుత్వం ఆయనను శత్రు దేశస్థుడిగా పరిగణించి, నిజాం సంస్థానం ఎల్లలు దాటి వెళ్లరాదని కట్టడి చేసింది. ఆ నిర్బంధమే మన గిరిజనుల పాలిట వరమైంది. మొదట అమ్రాబాదు చెంచుల మధ్య, తరువాత గోదావరి కొండరెడ్ల మధ్య ఉండి, ఆపైన ఆయన ఆదిలాబాదు జిల్లాకు చేరాడు.

అప్పటికి ఆ జిల్లా పరిస్థితి ఏమిటి? 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. ఉద్యమం అణగిందే గాని గోండుల కడుపుమంట చల్లారలేదు. శాంతంగా బతికే ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి కలిగింది. బస్తరు గోండులపై గ్రంథం రాసిన గ్రిగ్సన్ గారు ఆనాడు హైదరాబాదులో రెవెన్యూ మంత్రిగా ఉండడం కూడా కలిసి వచ్చింది.

హైమన్‌డార్ఫ్ డాక్ బంగళాలో కూర్చొని పటేలు పట్వారీలను పిలిపించుకొని వాంగ్మూలాలు రాసుకోలేదు. భార్యతో కలిసి మార్లవాయిలోనే గుడిసె వేసుకొని ఉన్నాడు. గోండీ భాష నేర్చుకున్నాడు. పెర్సాపేన్ పూజలు, దండారి ఆటలు, ప్రధాన్లు పాడే వంశ గాథలు అన్నీ దగ్గరుండి చూసి రాసుకున్నాడు. బెట్టి గారు కూడా ఆ అడవిలో ఆయనకు తోడుగా నిలిచారు. నమ్మకం కుదిరిన తరువాతనే గోండులు తమ గోడు చెప్పుకున్నారు.

రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఘట్టం భూముల వ్యవహారం. గోండులు తరతరాలుగా అడవి నరికి సాగు చేసుకున్నారు గాని కాగితం సంగతి వారికి తెలియదు. చాలామంది సాగు శివాయి జమాబందీ కిందనే ఉండేది. 1929లో కాజీపేట – బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక మైదాన ప్రాంతాల వారి రాక పెరిగింది. దస్త్రం తెలిసినవాడు పట్టా చేయించుకునేవాడు. దున్నినవాడు కౌలుదారుగానో జీతగాడుగానో మిగిలేవాడు. మరోవైపు అటవీ శాఖవారు రిజర్వు గీతలు గీయడంతో ఊళ్లకు ఊళ్లే గీత లోపల చిక్కుకున్నాయి. జంగ్లాతు అమీను దయ ఉంటే సాగు, లేకుంటే ఖాళీ చేయవలసిందే.

ఈ సంగతులన్నీ ఆయన నివేదికల రూపంలో ప్రభుత్వం ముందు పెట్టాడు. 1945లో గిరిజన, వెనుకబడిన తరగతుల వ్యవహారాలకు సలహాదారుగా నియమితుడయ్యాడు. గిరిజనులకు ఉచితంగా లావుణి పట్టాలు ఇప్పించే కార్యక్రమం జోరుగా సాగింది. ఆ కొద్ది సంవత్సరాల్లో ఆదిలాబాదు జిల్లాలో 11 వేలకు పైగా గిరిజన రైతులకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కాయి. గిరిజన ప్రాంతాల రక్షణకు 1356 ఫస్లీలో ప్రత్యేక చట్టం వచ్చింది. సేతుమాధవరావు పగడి గారి వంటి అధికారులు తామూ గోండీ నేర్చుకొని ఆ పనిని క్షేత్రంలో నడిపించారు. పైన ఎంత మంచి ఉత్తర్వు వెలువడినా, కింద చిత్తశుద్ధి గల ఉద్యోగి లేకపోతే అది అమలు కాదని మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

1943లో మార్లవాయిలోనే గోండు విద్యా పథకం మొదలైంది. అంతో ఇంతో అక్షర జ్ఞానం ఉన్న గోండు యువకులను వెతికి తెచ్చి ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేయించారు. పిల్లవాడు మొదటి అక్షరం తన ఇంటి భాషలో నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. అక్కడ చదివినవారిలో కొందరు పంతుళ్లుగా, కొందరు పట్వారీలుగా, మరికొందరు ఇతర చిన్న ఉద్యోగాల్లో కుదిరారు. ఆనాటిదాకా సర్కారు మనిషిని చూస్తే పారిపోయిన జాతిలో నుంచే సర్కారు ఉద్యోగులు వచ్చారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆయన చొరవతో మొదలైనదే. నేటికీ అది జరుగుతున్నది.

ఆ తరువాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై 1976లో పదవీ విరమణ చేశాడు. నేపాల్ షెర్పాల మీద కూడా విశేష కృషి చేశాడు. మార్లవాయిని మాత్రం మరువలేదు. 1970వ దశకంలో తిరిగి వచ్చి చూస్తే తాను ఇప్పించిన భూములు ఎన్నో చేతులు మారి ఉన్నాయి. 1959లో భూ బదలాయింపు నిబంధన వచ్చినా, 1970లో దాన్ని మరింత కట్టుదిట్టం చేసినా, వలసలు ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగి, అధికారిక లెక్క ప్రకారమే 13 మంది మరణించారు. ఆ మరుసటి ఏడు వెలువడిన తన గ్రంథంలో గిరిజనులు భూములు కోల్పోయిన తీరును ఆయన మొహమాటం లేకుండా రాశాడు. జీవితకాలపు కృషి కళ్లముందే కరిగిపోవడం చూడవలసి రావడం ఎంత బాధాకరమో ఊహించుకోవచ్చు.

బెట్టి గారు 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో హైమన్‌డార్ఫ్ మరణించాడు. 2012లో కుమారుడు ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచాడు. ఏటా జనవరి 11న గోండులు తమ సంప్రదాయం ప్రకారం ఆ దంపతులకు నివాళులు అర్పిస్తున్నారు.

ఆయన ఇప్పించిన పట్టాల్లో కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవి ఆ తరువాత వచ్చిన ఉద్యోగులలో ఎవరో ఒకరు రికార్డును చూసి న్యాయంగా సంతకం పెట్టినందువల్ల నిలిచినవే. మన పిల్లలు, మనవలు నేడు అవే కుర్చీల్లో కూర్చుంటున్నారు. వారికి ఈ దంపతుల కథ చెప్పండి. వీలైతే ఒకసారి మార్లవాయి తీసుకువెళ్లి ఆ సమాధులు చూపించండి.