నీటికి లెక్క కట్టిన విశ్వేశ్వరయ్యగారు

చెరువు కట్టుట యొక యెత్తు, తూము నడుపుట మరియొక యెత్తు. తలుపు ఎప్పుడు తెరువవలెను, ఎంత విడువవలెను అను లెక్క తప్పినచో నిండుచెరువు క్రింద సైతము చివరి మడి యెండును. ధర్మసాగర్ వాసుల కిది క్రొత్తమాట కాదు. ఆ లెక్కకై పాటుపడిన మహనీయుడు శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండం గ్రామమువారు, ఇంటిభాష తెలుగు. మైసూరు సంస్థానమునందలి ముద్దెనహళ్లిలో జన్మించి, బాల్యముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు చదివి, 1881లో బెంగుళూరున బి.ఏ. పట్టమును పొందిరి. 1883లో పూనాయందు ఇంజనీరింగు పరీక్షలో ప్రథములుగా నుత్తీర్ణులైరి. బొంబాయి ప్రభుత్వపు కొలువులో వారి తొలిపనులలో నొకటి, ఖాందేశ్ జిల్లాలో పంజ్రా నది కాలువపై గొట్టపు సైఫను నిర్మించుట.

పూనా ప్రాంతపు నీరా కాలువ క్రింద ఎగువ రైతులు చెరకునకై మితిమీరి నీరు వాడుచుండగా దిగువ గ్రామములకు అందకుండెను. 1899లో విశ్వేశ్వరయ్యగారు ఆయకట్టును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున మూడవవంతు నేలకు మాత్రమే చెరకు, వరివంటి పైరుల ననుమతించి, తక్కినచోట్ల తక్కువ నీటి పంటలు వేయించు పద్ధతిని ప్రతిపాదించిరి. రైతులు మొదట నెదిరించిరి. వారితో కూర్చుండి మాట్లాడి యొప్పించిరి.

పూనాకు నీరొసగు ఖడక్‌వాస్లా జలాశయమున వరదనీరు మత్తడిమీదుగా వృథాగా పోవుచుండెను. 1903లో అచట వారు కల్పించిన స్వయంచాలక తలుపులు అమర్చబడెను. నీరు పూర్తిమట్టమునకు రాగానే, బరువుల తూకముచేత ఆ తలుపులు తమంత తాము తెరచుకొనును. మట్టము తగ్గగానే మూసికొనును. కాపలావాని నిద్రకుగాని, బలవంతుని మాటకుగాని అవి లొంగవు. దీనివలన జలాశయమట్టము సుమారు 8 అడుగులు పెరిగెను. పేటెంటు పొందియు, ఉద్యోగధర్మముగా చేసిన పనికి ప్రతిఫలము కూడదని వారు రాయల్టీని గైకొనలేదు. అట్టి తలుపులు తరువాత కృష్ణరాజసాగరమునను వెలసినవి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెను. మరుసటి యేట నిజాము ప్రభుత్వము వీరిని రప్పించెను. వరదను ఎగువనే నిలిపి కొలతగా విడువవలెనని వీరు చెప్పిన సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియయ్యెను. ముంచిన నీరే నగరమునకు త్రాగునీరయ్యెను.

1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండి, 1955లో భారతరత్న పొంది, నూరేండ్లు దాటిన పిమ్మట 1962 ఏప్రిల్ 14న పరమపదించిరి.

నేడు దేవాదుల ఎత్తిపోతలద్వారా గోదావరి నీరు మన ధర్మసాగర్ జలాశయమునకు వచ్చుచున్నది. నీరెంత వచ్చినను, దానిని మొగము చూడక, మట్టము చూచి పంచుటయే మనము వారినుండి నేర్వదగిన ధర్మము.