డార్సీ ఇసుక గొట్టం

మన బడి వెనక చెరువు కట్ట అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎండాకాలంలో కూడా కట్టకు అవతలి పక్క, అడుగున, నేల చెమ్మగా ఉండేది. కట్టలోంచి నీళ్లు ఊరుతున్నాయని సైన్సు మాస్టారు చెప్పారు. ఎంత ఊరుతున్నాయో లెక్క కట్టొచ్చా అని మాలో ఎవరూ అడగలేదు. ఇంజనీరునయ్యాక ఆ లెక్కే నాకు అన్నం పెట్టింది. దానికి దారి చూపిన మనిషి హెన్రీ డార్సీ.

ఆయన 1803లో ఫ్రాన్సులోని డిజాన్ నగరంలో పుట్టాడు. పద్నాలుగో ఏట తండ్రి పోయాడు. తల్లి అప్పు చేసి మరీ ట్యూషన్లు చెప్పించింది. (మన బ్యాచ్‌లో ఈ కథ ఎందరిదో!) పారిస్‌లో ఇంజనీరింగు చదివి, ప్రభుత్వోద్యోగిగా సొంతూరికి తిరిగొచ్చాడు. అప్పట్లో డిజాన్‌లో మంచినీళ్లకు కటకట. బావులు తవ్వినా లాభం లేకపోయింది. డార్సీ 12.7 కిలోమీటర్ల దూరంలోని రోజ్వార్ ఊట నుంచి పైకప్పున్న కాలువ వేసి, పంపు అన్నది లేకుండా వాలు మీదే నీళ్లు తెచ్చాడు. 1840లో ఊళ్లోకి నీళ్లొచ్చాయి. అంత పనికీ ఆయన ఫీజు పుచ్చుకోలేదు. బతికినన్నాళ్లూ ఇంటికి ఉచితంగా నీళ్లివ్వడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

1848 విప్లవం తర్వాత రాజకీయాల వల్ల ఊరు వదలాల్సి వచ్చింది. ఆరోగ్యం చెడి 1855లో బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. విశ్రాంతి తీసుకోవలసిన మనిషి, డిజాన్ ఆసుపత్రి ఆవరణలో 35 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం నిలబెట్టి, అందులో ఇసుక నింపాడు. రిట్టర్ అనే ఇంజనీరు సాయం పట్టాడు. నీళ్లు ఆసుపత్రి కుళాయి లైను నుంచే. లోపల ఎవరైనా కుళాయి తిప్పితే ఇక్కడ పీడనం ఊగిసలాడేది. అయినా ఓపిగ్గా కొలిచారు. పైనా కిందా నీటిమట్టాల తేడా పెరిగిన కొద్దీ ప్రవాహం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఇసుక మందం పెరిగిన కొద్దీ తగ్గుతుంది. మిగిలినదంతా ఆ ఇసుక స్వభావాన్ని తెలిపే ఒక్క గుణకంలో ఉంటుంది. 1856లో అచ్చయిన డిజాన్ నీటి సరఫరా పుస్తకానికి ఇదొక అనుబంధం మాత్రమే! 1858 జనవరి 3న న్యుమోనియాతో ఆయన పారిస్‌లో కన్నుమూశాడు.

1984లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ విడుదల చేసిన మోడ్‌ఫ్లో ప్రోగ్రాం చేసేదీ ఇదే. నేలను వేల గడులుగా విడగొట్టి, ప్రతి గడికీ పక్క గడికీ మధ్య డార్సీ సూత్రం వేసి, సమీకరణాలన్నీ కలిపి సాధిస్తుంది.

ఉద్యోగంలో కొత్తలో ఒక మట్టికట్ట కింద ఊటను ఇలాగే కంప్యూటర్‌లో లెక్క కట్టాను. మట్టి పరీక్షకు ఆగే ఓపిక లేక, గుణకాన్ని పుస్తకంలోని పట్టికలోంచి తీసి వేశాను. రంగుల పటం ఎంతో అందంగా వచ్చింది. మొదటి వానాకాలంలో కట్ట అడుగున నీళ్లు నా లెక్కకు ఎన్నో రెట్లు వచ్చాయి, అదీ బురదగా. పునాదిలో నేను చూడని ఇసుక పొర ఉంది. రాత్రంతా కూలీలతో కలిసి ఊట మీద ముందు ఇసుక, పైన సన్న కంకర, ఆపైన రాళ్లు పరిచాం. తెల్లారేసరికి తేట నీళ్లు వచ్చాయి. కట్ట నిలిచింది.

ఆ వారమే గుంటలు తీయించి నమూనాలు ల్యాబుకు పట్టుకెళ్లాను. బల్ల మీద చిన్న గొట్టం, అందులో మా ఇసుక, పైనుంచి నీళ్లు. డార్సీ నిలబెట్టినదే, కాకపోతే జానెడు. ఈసారి పక్కనే స్టూలు వేసుకుని, కొలత అయ్యేదాకా కూర్చున్నాను.