సాచెల్ పేజ్: 158 రోజుల కోసం కోచ్ అయిన మహా క్రీడాకారుడు

1968 ఆగస్టులో అమెరికాలోని అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు 62 ఏళ్ల నల్లజాతి క్రీడాకారుణ్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ముందు ఆటగాడిగా, సలహాదారుగా పేరు రాసుకున్నారు. తర్వాత కోచ్ అన్నారు. అసలు కారణం పింఛను. మేజర్ లీగ్ పింఛనుకు ఐదేళ్ల సర్వీసు కావాలి. ఆయనకు 158 రోజులు తక్కువయ్యాయి. నలభై ఏళ్లపాటు బంతి విసిరిన మనిషికి ఐదేళ్ల సర్వీసు కూడా ఎందుకు లేదు? సాచెల్ పేజ్ జీవితంలోకి వెళ్తే దీనికి జవాబు దొరుకుతుంది.

పేజ్ 1906 జూలై 7న అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో పుట్టారు. తల్లి బట్టలు ఉతికేది, తండ్రి తోటపని చేసేవాడు. ఇంట్లో పన్నెండు మంది పిల్లలు. చిన్నప్పుడే రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సంచులు మోశారు. సాచెల్ అంటే సంచి. ఆ కూలిపనే ఆయనకు పేరైంది. 12 ఏళ్లకు చిల్లర దొంగతనం, బడి ఎగ్గొట్టడం నేరాలుగా చూపి మౌంట్ మెగ్స్‌లోని నల్లపిల్లల సంస్కరణ పాఠశాలలో వేశారు. ఐదేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఎడ్వర్డ్ బర్డ్ అనే కోచ్ ఆయనకు పిచింగ్ నేర్పింది అక్కడే. పిచర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. కాకపోతే బంతిని నేలకు తగలనీయకుండా నేరుగా బ్యాటర్ వైపు విసరాలి. కాలు ఎత్తి, ఆఖరి క్షణంలో చేయి ముందుకు తెచ్చి బంతి వదిలే ఆయన పద్ధతి బర్డ్ నేర్పిందే.

1926లో పేజ్ చటనూగా జట్టుతో వృత్తి ఆటగాడయ్యారు. అప్పటికి మేజర్ లీగ్‌లో నల్లవాళ్లకు చోటు లేదు. రాతపూర్వక నిబంధన ఏమీ లేదు, కానీ యజమానులందరూ పాటించిన కట్టుబాటు అది. ఊరి బావి దగ్గరా, గుడి గడప దగ్గరా రాయకుండానే అమలయ్యే నిషేధం మనకు కొత్త కాదు. నల్లవాళ్లు తమ లీగ్‌లు తామే నడుపుకున్నారు. బర్మింగ్‌హామ్, పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ జట్లకు పేజ్ ఆడారు. లీగ్ లేని రోజుల్లో ఊరూరా తిరిగి డబ్బుకు ఆడారు. ఆయన ఆట చూడడానికి ఎగబడే ఊళ్లలోనే ఆయనకు హోటల్ గది దొరికేది కాదు.

ఎక్కువ డబ్బిచ్చే జట్టుకు ఒప్పందం వదిలేసి వెళ్లిపోతాడని ఆయన మీద విమర్శ ఉంది. అది నిజమే. 1937లో డొమినికన్ నియంత ట్రుహీయో జట్టుకు ఆడడానికి వెళ్లినందుకు లీగ్ నిషేధం కూడా పడింది. అయితే ఉద్యోగ భద్రత లేని శ్రామికుడికి తన చేతికి తానే ధర కట్టుకోవడం తప్ప వేరే దారి ఏముంది? అదే కాలంలో డిజ్జీ డీన్, బాబ్ ఫెల్లర్ లాంటి తెల్ల పిచర్ల జట్లతో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడి, తానెవరికీ తీసిపోనని మైదానంలోనే చూపించారు.

1947లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో ఆడి రంగు గీతను చెరిపారు. మొదటి అవకాశం తనకు రాలేదని పేజ్ నొచ్చుకున్నారు. 1948 జూలై 7న, 42వ పుట్టినరోజున, క్లీవ్‌లాండ్ ఇండియన్స్ ఆయనను తీసుకుంది. ముసలివాణ్ని ప్రచారం కోసం తెచ్చారని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ సీజన్‌లో ఆయన ఖాతాలో 6 గెలుపులు, ఒకే ఓటమి. ఆగస్టు 20 రాత్రి ఆయన ఆట చూడడానికి 78,382 మంది వచ్చారు. వరల్డ్ సిరీస్‌లో బంతి విసిరిన మొదటి నల్లజాతి పిచర్ ఆయనే. 1965లో, 59 ఏళ్ల వయసులో, బోస్టన్ జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా మూడు ఇన్నింగ్స్ పిచింగ్ చేశారు.

1971లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు గౌరవం ప్రకటించింది. అయితే నల్ల లీగ్‌ల ఆటగాళ్లకు విడిగా ఒక విభాగం పెడతామంది. గౌరవంలోనూ రెండు గ్లాసుల పద్ధతే! నిరసనలు రావడంతో నిర్వాహకులు వెనక్కి తగ్గారు. అందరితోపాటే ఆయనకు పూర్తి సభ్యత్వం ఇచ్చారు.

మన దేశంలో పల్వంకర్ బాలూ కథ దీనికి దగ్గరిది. ఈ దళిత బౌలర్ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. పూణెలో ఆయన తోటి ఆటగాళ్లే ఆయనకు పెవిలియన్ బయట మట్టి పాత్రలో టీ ఇచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఎన్నడూ దక్కలేదు. బాలూ బంతి కావాలి, బాలూ పక్కన కూర్చోవడం కుదరదు. పేజ్ విషయంలో జరిగిందీ ఇదే.

పేజ్ 1982 జూన్ 8న కన్నుమూశారు. 1920–48 మధ్య నడిచిన నల్ల లీగ్‌లు కూడా మేజర్ లీగ్‌లేనని 2020 డిసెంబరులో అధికారికంగా ఒప్పుకున్నారు. ఆ లెక్క 1968లోనే వేసి ఉంటే, ఆయన 158 రోజుల కోసం ఎవరి దయ కోసమూ చూడాల్సి వచ్చేది కాదు. అట్లాంటా జట్టు చేసింది మంచి పనే. కానీ దాన్ని ఔదార్యం అనలేం. అది రెండు దశాబ్దాల బకాయిలో చిన్న వాయిదా మాత్రమే.

ఆదోని, ఆలూరు వైపు నుంచి గుంటూరు మిరప చేలకు వలసపోయే కూలీల పని దినాలు ఏ రిజిస్టరులోనూ ఉండవు. కడపలో, కర్నూలులో ఏళ్ల తరబడి చీపురు పట్టినా పర్మనెంట్ కాని పారిశుధ్య కార్మికులున్నారు. చేసిన పనిని సర్వీసుగా లెక్క కట్టేది ఎవరు, ఏ రోజు నుంచి కడతారు అన్నదే వీళ్లందరి ప్రశ్న. వివక్ష తలుపు దగ్గర ఆపడంతో అయిపోదు. తలుపు తెరిచాక కూడా, బయట నిలబడిన ఏళ్లను సున్నాగా రాసుకుంటుంది. అందుకే ప్రవేశంతోపాటు బకాయినీ అడగాలి.