ఆఖరి తూటా వరకూ ఆజాద్ వెంటే

ప్రాణాలతో పోలీసులకు చిక్కరాదన్నది విప్లవవీరుడు చంద్రశేఖర్ ఆజాద్ ప్రతిన. ఆ ప్రతినకు కాపలాగా ఆయన వెంట నిలిచినది ఒక చిన్న కోల్ట్ పిస్తోలు.

1906 జులై 23న నేటి మధ్యప్రదేశ్‌లోని భావ్రాలో పేద కుటుంబంలో ఆయన జన్మించారు. భిల్లు బాలలతో కలిసి విలువిద్య నేర్చారు. సహాయ నిరాకరణోద్యమంలో 15 ఏళ్ల వయసులో అరెస్టయి, న్యాయస్థానంలో తన పేరు ఆజాద్ అని చెప్పి 15 బెత్తం దెబ్బలు తిన్నారు. ఆ పేరే స్థిరపడింది.

1925 ఆగస్టు 9 నాటి కాకోరి రైలు ఘటనలో సహచరులు నలుగురు ఉరికంబమెక్కినా ఆజాద్ దొరకలేదు. ఓర్ఛా అడవుల్లో బ్రహ్మచారి వేషంలో పిల్లలకు చదువు చెబుతూ, సహచరులకు గురి నేర్పారు.

ఆయన పిస్తోలు 1903 నమూనాకు చెందినది. బ్రౌనింగ్ రూపొందించిన ఈ .32 బోరు ఆయుధంలో హ్యామర్ లోపలే దాగి ఉంటుంది. దుస్తుల్లో దాచుకున్నా చిక్కుపడకుండా క్షణంలో తీయవచ్చు. అజ్ఞాతవాసికి అంతకుమించి అనువైనది లేదు. అయితే మ్యాగజైన్‌లో పట్టే తూటాలు ఎనిమిదే.

1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో పోలీసులు చుట్టుముట్టారు. గాయపడిన ఆజాద్ చెట్టు చాటు నుంచి కాల్పులు జరుపుతూ సహచరుడు సుఖ్‌దేవ్ రాజ్‌ను తప్పించారు. ఇద్దరు పోలీసు అధికారులు గాయపడ్డారు. చివరి తూటాను మాత్రం తనకే మిగుల్చుకున్నారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లే.

ఆ పార్కు నేడు ఆయన పేరనే ఉన్నది. పిస్తోలు అలహాబాదు మ్యూజియంలో భద్రంగా ఉన్నది. ప్రతిన చెల్లింది.