అందరి కొలువు

కొల్హాపూర్ నేడు మహారాష్ట్రలోని ఒక నగరం. స్వాతంత్ర్యానికి పూర్వం అది ఒక సంస్థానానికి రాజధాని. ఆ సంస్థానాన్ని 1894 నుండి 1922 వరకు పాలించిన ప్రభువు సాహూ మహారాజు.

ఆయన 1874 జూన్ 26న జన్మించారు. అసలు పేరు యశ్వంతరావు. పదేళ్లు నిండకముందే రాజవంశానికి దత్తత వెళ్లారు. రాజ్‌కోట్‌లోను, ధార్వాడలోను విద్యాభ్యాసం చేశారు.

ఆయన సింహాసనం అధిష్ఠించేనాటికి సంస్థాన పరిపాలన శాఖలోని 71 ఉద్యోగాలలో 60 ఒకే కులం వారి చేతిలో ఉండేవి. ప్రజలలో అధికసంఖ్యాకులైన రైతులకు, కూలీలకు కచేరీలో తమవాడని చెప్పుకోదగిన ఉద్యోగి కనిపించడం అరుదు. చదువు లేకపోవడమే దీనికి మూలమని మహారాజు గ్రహించారు. 1901 మొదలుకొని వివిధ కులాల, మతాల విద్యార్థులకు వసతి గృహాలు వెలసేందుకు తోడ్పడ్డారు.

అయితే అందరికీ చదువు వచ్చేదాకా ఆయన ఆగలేదు. 1902 జులై 26న ఒక ఉత్తర్వు వెలువరించారు. ఇకపై ఖాళీ అయ్యే ఉద్యోగాలలో సగం వెనుకబడిన వర్గాలవారికి ఇవ్వాలన్నది దాని సారాంశం. నియామకాల వివరాలను ప్రతి శాఖాధిపతి మూడు నెలలకొకసారి నివేదించాలని కూడా అందులో విధించారు. ఆజ్ఞ కాగితానికే పరిమితం కాకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఉద్యోగం దొరికినంత మాత్రాన గౌరవం దొరకదు. గంగారాం కాంబ్లే మహారాజు అశ్వశాలలో పనిచేసేవాడు. అంటరానిదని పేరుపెట్టిన కులంలో పుట్టినవాడు. ఇతరుల నీటితొట్టిని తాకాడని తోటి సేవకులే అతనిని చితకబాదారు. సంగతి తెలిసి మహారాజు కొట్టినవారిని దండించారు. ధనసహాయం చేసి గంగారాం చేత ఊరిలో టీ దుకాణం పెట్టించారు. మొదట ఆ దుకాణం గడప తొక్కడానికి జనం వెనుకాడారు. అప్పుడు మహారాజు తమ బండిని అక్కడ ఆపించి, గంగారాం చేతి టీ తాగసాగారు. వెంట ఉన్న ఉద్యోగులకూ ఇప్పించేవారు. ప్రభువు తాగిన టీని వారు కాదనగలరా? 

మహారాజు 1917లో ప్రాథమిక విద్యను ఉచితంగా, నిర్బంధంగా అమలు చేశారు. 1919లో అంటరాని పిల్లల వేరు బడులను తీసివేసి, అందరితోపాటు చదువుకొనే వీలు కల్పించారు. 1922 మే 6న, 48వ ఏట కన్నుమూశారు.

ఉద్యోగాలలో సగం పాలు ఉత్తర్వుతో ఇవ్వవచ్చు. కాని తోటివారి సరసన చోటు మాత్రం, అధికారంలో ఉన్నవారు ముందుగా తామే వెళ్లి పక్కన నిలిచినపుడే దక్కుతుంది. సాహూ మహారాజు ఆ రెండు పనులూ చేశారు.