గుర్రపు నాడా గుర్తు వెనక మనిషి: జార్జ్ సైమన్ ఓమ్

ఈసారి గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నారు. నేను ఓమ్ గురించి రాస్తున్నాను. పదో తరగతి అక్కలు ఓమ్ నియమం కంఠస్థం చేస్తుంటే రోజూ స్టడీ అవర్‌లో వింటున్నాము. పరీక్షలో నియమం అడుగుతారు గానీ ఆయన ఎవరి కొడుకని అడగరు కదా!

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ అనే ఊళ్లో జన్మించాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ బిడ్డ. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే దక్కారు. ఓమ్‌కు పదేళ్లప్పుడు తల్లి కూడా చనిపోయింది. తండ్రికి పెద్ద చదువు లేదు. తాళాలు చేసుకుంటనే లెక్కల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు సొంతంగా చదివి, కొడుకులిద్దరికీ తనే నేర్పిండు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే కాబట్టి నాకు ఓమ్ కంటే ఆ తాళాలాయన మీదనే ఎక్కువ గౌరవం కలిగింది. ఆయన చిన్న కొడుకు మార్టిన్ కూడా తర్వాత పేరున్న గణిత పండితుడు అయ్యాడు.

1805లో ఓమ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ చదువు మానేసి డాన్సు, మంచు మీద జారుడు ఆట, బిలియర్డ్స్ మొదలుపెట్టాడు. తండ్రికి చాలా కోపం వచ్చింది. చదువు మాన్పించి స్విట్జర్లాండు పంపిండు. అక్కడ ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ, మిగిలిన టైములో తను చదువుకున్నాడు. 1811లో తిరిగి వచ్చి డాక్టరేట్ పొందాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చిన్న జీతానికి టీచర్‌గానే ఉన్నాడు. 1817లో కొలోన్ పట్టణంలో ఒక హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. ఆ బడిలో మంచి సైన్సు గది ఉండేది. ఆయన అదృష్టం అక్కడ మొదలయింది.

ఆయన అక్కడ ఏం చేశాడో నాకు పుస్తకంలో సరిగా తెల్వలేదు. శాలిబండలో తెలిసింది. చార్మినార్ నుండి దక్షిణం దిక్కు పోతే శాలిబండ వస్తది. అక్కడ మా అన్న ఒక రిపేరు దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. దసరా సెలవుల్లో నేను పోయినప్పుడు, బల్ల మీద పెట్టే పెద్ద మల్టీమీటరు చూపించిండు. చేతిలో పట్టుకునేది కాదు, ప్లగ్గు పెట్టి వాడేది. దాని మీద గుర్రపు నాడా లాంటి గుర్తు ఒకటి ఉంది. అది గ్రీకు అక్షరం ఒమేగా. ఓమ్‌కు ఆ గుర్తే. ఇంగ్లీషు ఓ అక్షరం రాస్తే సున్నా అనుకుంటారు కదా.

దుకాణం ఉస్తాద్ ముసలాయన. నన్ను బేటీ అంటడు. ముందు చెయ్యి పెట్టనియ్యలేదు. నల్ల వైరు ఎప్పుడూ కామ్ అని రాసిన రంధ్రంలోనే ఉండాలని చెప్పిండు. ఎర్ర వైరు ఓల్టులకు, ఓములకు ఒక రంధ్రంలో, కరెంటు కొలిచేటప్పుడు వేరే రంధ్రంలో పెట్టాలి. కరెంటు రంధ్రంలో ఉంచి మరిచిపోయి బ్యాటరీ రెండు కొనలకు తగిలిస్తే మీటరు ఫ్యూజు పోతది. ఓములు కొలిచేటప్పుడు సామానుకు కరెంటు పూర్తిగా తీసేయాలి, కెపాసిటర్లలో నిలవ ఉన్నది కూడా పోనియ్యాలి. పెద్ద రెసిస్టర్ రెండు కొనలనూ వేళ్లతో పట్టుకుంటే మన శరీరం గుండా కూడా కరెంటు పోయి లెక్క తక్కువ చూపిస్తది.

తర్వాత రెండు వైర్ల మొనలు ఒకదానికొకటి తాకించమన్నాడు. మధ్యలో ఏమీ లేదు కాబట్టి సున్నా రావాలి అనుకున్నాను. 0.2 ఓములు చూపించింది. అది ఆ వైర్లదే. ఒక బటన్ నొక్కితే మీటరు దాన్ని తీసేసి లెక్క చెప్తది. మరి లోపల కొలిచేది ఎట్లా అంటే, మీటరు తనకు తెలిసిన కొద్దిపాటి కరెంటును రెసిస్టర్‌లోకి పంపి, దాని మీద ఎంత ఓల్టేజి వచ్చిందో చూసి, భాగిస్తది. అంటే మీటరు లోపల కూర్చుని ఓమ్ నియమమే లెక్క చేస్తుందన్నమాట!

ఇక ఓమ్ దగ్గర ఏ మీటరూ లేదు. కరెంటు ఇచ్చే ఓల్టా బ్యాటరీ తీగ కలపగానే బలం తగ్గిపోయేది. 1825లో దాంతో చేసిన కొలతల నుండి వచ్చిన సూత్రం సరి కాలేదు. అప్పుడు పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త, బ్యాటరీ వదిలి థర్మోకపుల్ వాడమని సలహా ఇచ్చాడు. బిస్మత్, రాగి కలిపి ఒక అతుకును మరిగే నీళ్ల వేడిలో, ఇంకొకటి మంచులో ఉంచితే కదలకుండా ఒకే బలం వస్తుంది. అయస్కాంతపు సూదిని సన్నని బంగారు తీగకు వేలాడదీశాడు. కరెంటుకు సూది తిరిగితే, పైన తీగను మెలితిప్పి మళ్లీ పాత చోటికి తెచ్చేవాడు. ఎంత మెలితిప్పాడో అదే కొలత. ఒకే లావు రాగి తీగలు ఎనిమిది తీసుకున్నాడు. అన్నిటికన్నా పొట్టిది 2 అంగుళాలు, పొడుగుది 130 అంగుళాలు. వాటి కొనలను పాదరసం గిన్నెల్లో ముంచి ఒక్కొక్కటిగా మార్చి చూశాడు. ఇది 1826 జనవరి మాట.

అప్పుడు లెక్క కుదిరింది. తీగ పొడవు ఒక్కటే భాగించితే సరిపోలేదు. పొడవుకు ఎప్పుడూ మారని ఒక సంఖ్య కలిపి భాగించితేనే కరెంటు సరిగ్గా వచ్చింది. ఆ సంఖ్య, తీగ కాకుండా మిగతా సామానంతా పెట్టే అడ్డు. శాలిబండ మీటరులో 0.2 ఉంది కదా, అది ఇట్లాంటిదే. ఇది అర్థమయినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. మా అన్నకు చెప్తే ఆయనకూ తెల్వదట.

ఓమ్ సగం జీతం మీద సెలవు పెట్టి బెర్లిన్‌లో తమ్ముడి దగ్గర ఉండి పుస్తకం రాశాడు. 1827లో అది అచ్చయింది. యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం వస్తదని ఆశపడ్డాడు. రాలేదు. ఆ దేశపు పండితులు చాలామంది పట్టించుకోలేదు, కొందరు తిట్టారు కూడా. 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. 39 ఏళ్ల వయసులో చేతిలో స్థిరమైన పని లేదు. బెర్లిన్‌లో వారానికి కొన్ని గంటలు పాఠాలు చెప్పి బతికాడు. పెళ్లి చేసుకోలేదు. 1833లో నూరెంబర్గ్‌లో పని దొరికింది.

మొదట గుర్తించింది బయటి దేశం. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్ యూనివర్సిటీలో పూర్తి ప్రొఫెసర్ 1852లో అయ్యాడు. అప్పటికి 63 ఏళ్లు. రెండేళ్లకే, 1854 జూలై 6న చనిపోయాడు. అంత ఆశపడ్డ కుర్చీలో రెండేళ్లే కూర్చున్నాడు.

1881లో పారిస్‌లో దేశదేశాల వాళ్లు సమావేశమై నిరోధానికి ఓమ్ అనే కొలత ఖాయం చేశారు. ఇంకో తమాషా ఉంది. నిరోధానికి వ్యతిరేకమైన వాహకత్వానికి ఆయన పేరునే ఇంగ్లీషులో తిరగేసి మో అని పెట్టారు. 1971 నుండి దానికి సీమెన్స్ అనే పేరు వచ్చింది.

మన మొగల్లు గ్రామంలో పుట్టి హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. స్థాపించిన డాక్టర్ ఎ.ఎస్. రావు గారి గురించి కూడా రాయాలనుకున్నాను, చార్టులో స్థలం అయిపోయింది. వచ్చే నెల ఎవరైనా రాయండి.