కోరంగి నుంచి రంగూనుకు: మల్లాడి సత్యలింగం నాయకర్

మా కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొని పోయే గోదావరి చివరకు ఎక్కడ సముద్రంలో కలుస్తుందో చూడాలని నాకు చిన్ననాటి కోరిక. సర్వీసులో ఉన్నంతకాలం తీరలేదు. రిటైరయ్యాక ఒక పుష్య అమావాస్యకు చొల్లంగిలో స్నానం చేసి, తిరుగు ప్రయాణంలో కాకినాడ జగన్నాథపురంలో ఆగాము. అక్కడ ఒక బడి బోర్డు మీద ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అని ఉన్నది. ఆయన ఎవరని విచారిస్తే తెలిసిన సంగతులివి.

మల్లాడి సత్యలింగం నాయకర్ గారు 1840లో కోరంగిలో జన్మించారు. ముందటేడే, 1839 నవంబరులో, పెద్ద ఉప్పెన ఆ రేవును ముంచేసింది. 1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమైంది. బియ్యం ఎగుమతి పెరిగి, రంగూను రేవులో మనుషులు కావలసివచ్చారు. మన తీరం నుంచి ఎవరు పోయినా, ఏ ఊరివారైనా, అక్కడివారికి కోరంగీలే.

నాయకర్ గారూ పేదరికంలోనే ఆ దారి పట్టారు. ఓడలకు సరుకు ఎక్కించి దింపించే కంట్రాక్టులతో రంగూనులో పేరుమోసిన ధనవంతుడయ్యారు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ కాలంలో మేస్త్రీ బయానా ఇచ్చి కూలీలను ఓడ ఎక్కించేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతికిందే, కూలి డబ్బులో అతనికీ వాటా. రేవు కంట్రాక్టరు ఎవరైనా సంపాదన ఆ భుజాల మీదుగా వచ్చిందే. నాయకర్ గారిదీ వేరు కాదని నా అభిప్రాయం. గొప్పవారిని గురించి రాసేటప్పుడు ఇది దాచకూడదు.

అయితే ఆ ధనాన్ని ఆయన ఏం చేశారన్నదే అసలు సంగతి. వీలునామా రాసి ఆస్తిని విద్యకు, అన్నదానానికి, దైవకార్యాలకు అప్పగించి 1915లో కన్నుమూశారు. రెండు గుంటల జాగా కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఫైళ్లు నా చేతిమీదుగా ఎన్నో పోయాయి. అందుకే ఈ వీలునామా సంగతి విన్నప్పుడు కాసేపు నోట మాట రాలేదు. కాకినాడలో పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రానికి కూడా ఆయన పేరే పెట్టారు.

ఆయన పోయిన తరువాత రంగూను మనవారికి అచ్చిరాలేదు. 1930 మే నెలలో రేవు పనుల దగ్గర తగవు ముదిరి అల్లర్లయి ఎందరో తెలుగు కూలీలు చచ్చిపోయారు. 1942లో జపాను సేనలు రాగా, వేలాదిమంది అడవుల వెంట కాలినడకన తిరుగుముఖం పట్టారు. తరాల కష్టార్జితం అక్కడే ఉండిపోయింది. నాయకర్ గారి సొమ్ము మాత్రం అప్పటికే ఇక్కడ ధర్మాదాయమై ఉన్నది.

మేము ఆగిన వేళకు బడి విడిచారు. ఒక పిల్లవాణ్ణి ఆపి, ఎం.ఎస్.ఎన్. అంటే ఎవరు బాబూ అని అడిగాను. అది మా బడి పేరండీ అని చెప్పి పరుగెత్తాడు.